తాళం వేసిన సగం

బాణం కదులుతోంది!

బబిర్యే చేతులు రెండూ ఒడిలోనే ఉన్నాయి. మౌస్ టీ కప్పు పక్కన పడి ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

అయినా తెర మీద బాణం కదులుతోంది...

బయట కుండపోత వర్షం. సాయంత్రం నాలుగింటికే ఉగాండాలోని జింజా పట్టణాన్ని చీకటి కమ్మేసింది. రేకుల కప్పు మీద ధారల మోత.

బాణం ఒక ఫోల్డర్ మీద ఆగుతుంది. చర్చి ఉత్తరాలు. తెరుస్తుంది. మూస్తుంది.

మరొకటి. మనవరాలి బాప్తిస్మపు ఫొటోలు. తెరుస్తుంది. మూస్తుంది.

తొందర లేదు. తడబాటు లేదు. సొంత ఇంట్లో తిరుగుతున్నట్టు తిరుగుతోంది!

ఎవరో వెతుకుతున్నారు. దేనికోసం వెతుకుతున్నారో బబిర్యేకు తెలుసు.

నైగగ!

పదిహేడేళ్ల పిల్ల. చెరకు తోటల యజమాని ఒక సర్వేయర్‌ను చంపించిన రోజు, వంటింటి కిటికీలోంచి కళ్లారా చూసిన ఏకైక సాక్షి. సోమవారం కోర్టులో నోరు విప్పాలి. ఈరోజు శుక్రవారం. అంతవరకూ ఆ ప్రాణాన్ని కాపాడే భారం చర్చి స్త్రీల సంఘానిది. ఆమెను ఎక్కడ దాచారో ఎరిగినది సంఘంలో బబిర్యే ఒక్కతే.

రాసి ఉంచినది ఈ కంప్యూటర్‌లో మాత్రమే.

ఆమె ఫోన్ అందుకుంటుంది.

"ముకోసే! నా కంప్యూటర్... దానంతటదే తిరుగుతోందిరా!"

ముకోసెకు మార్కెట్ వీధిలో రిపేరు దుకాణం ఉంది. ఈ పేటలో ప్రతి ఇంటి కంప్యూటరూ అతని చేతి మీదుగా వచ్చినదే. మూడో తరగతిలో అతనికి అక్షరాలు దిద్దించినది బబిర్యే టీచరే.

"ఏంటత్తా, దయ్యం పట్టిందా? అయితే నన్ను కాదు, పాస్టర్‌ని పిలవాలి!"

"వేళాకోళం ఆపు! ఎవరో లోపలికొచ్చారు!"

అవతల నవ్వు ఆగిపోతుంది.

"ఏ సిస్టమ్ తెరిచావు? పాతదా, కొత్తదా?"

ఆమె తెర వైపు చూస్తుంది.

"...పాతది."

"అత్తా!"

"ఏం చెయ్యనురా, అలవాటు! ఆన్ చెయ్యగానే రెండు సిస్టమ్‌ల పేర్లూ వస్తాయి. చెయ్యి పైదాని మీదికే పోయింది. ఆదివారానికి కీర్తనలు ప్రింటు తియ్యాలి. ఆ ముసలి ప్రింటరు కొత్తదాంట్లో నా మాట వినదు..."

"నీ ప్రింటరు సంగతి దేవుడెరుగు! ముందు ఇంటర్నెట్ పీకెయ్!"

ఆమె మోడెమ్‌ను ఒక్క గుంజు గుంజుతుంది. దాని మీది దీపం ఆరిపోతుంది.

బాణం ఆగింది.

ఆ పాత సిస్టమ్‌కు అప్‌డేట్లు ఆగి ఆరేళ్లు దాటింది. ముకోసె దుకాణంలో ఒకే ఒక డిస్కు ఉంది. పేటంతటికీ దాని నకళ్లే. ప్రతి నకలులోనూ దుకాణం పేరిట ఒక ఖాతా ఉంటుంది. దాన్ని ఎవరూ తీసేయించుకోరు. రేపు పాడైతే రిపేరు చేసేవాడు లోపలికి ఎలా వస్తాడు? అదీ అందరి ధీమా. బబిర్యే పెట్టుకున్న పాస్‌వర్డ్ మరీ ఘోరం. తన కవల చెల్లెలి పేరు! ఈ సీమలో కవల ఆడపిల్లల్లో పెద్దది బబిర్యే అయితే, చిన్నది నకాతో. మరో పేరు పెట్టరు. వీధిలో పాలు తాగే పసివాడికి కూడా ఆ సంగతి తెలుసు.

"ఆగిందిరా! ఆగిపోయింది! ప్రభువుకు స్తోత్రం..."

"ఆలస్యమైపోయిందత్తా." ముకోసె గొంతు చల్లగా ఉంది. "దుకాణం ఖాతాలోంచి చూశాను. నీ ఫైళ్లన్నీ వాడు పట్టుకుపోయాడు. నువ్వు దాచుకున్న ఆ కాగితం కూడా."

"అది కొత్తదాంట్లో కదా ఉంది!"

"పెట్టె ఒకటే కదత్తా? ముందు గదిలోకి వచ్చినవాడికి వెనక గది ఎంత దూరం?"

ఆమె కుర్చీ అంచు పట్టుకుంటుంది.

"అందులో ఒక మనిషి ప్రాణం ఉందిరా..."

"అయితే అక్కడికి ఫోన్ చెయ్యి!"

"ఆ ఇంట్లో ఫోన్ లేదు. మేమే ఉండనివ్వలేదు."

"మరి కూర్చుంటావేం? నువ్వే వెళ్లాలి! ఇప్పుడే! ఫోన్ మాత్రం పెట్టెయ్యకు. నేను దుకాణంలోనే ఉన్నా. దారంతా మాట్లాడుతూ ఉంటే నీకూ ధైర్యం."

ఆమె పరుగెత్తుతుంది!

గొడుగు లేదు. చెప్పులు బురదలో కూరుకుపోతున్నాయి. ఆమె తొడుక్కున్న గోమెసి గౌను అంచు తడిసి కాళ్లకు చుట్టుకుంటోంది. మూల మీద రేకు పందిరి కింద బలికోవా బోడా అనే తన కిరాయి మోటారుసైకిలు ఎక్కి చలికి ముడుచుకుని కూర్చున్నాడు.

"ఈ వానలో ఎవరి పెళ్లికమ్మా?"

"న్జేరు వైపు! ఆనకట్ట మీదుగా! పోనీ!"

"పోదాం, పోదాం... నన్ను మాత్రం గట్టిగా పట్టుకో. జారిపడితే మా ఆవిడకు నువ్వే జవాబు చెప్పుకోవాలి!"

బండి దూకుతుంది. వాన చినుకులు సూదుల్లా ముఖాన గుచ్చుతున్నాయి. తడి రుమాలు చుట్టిన ఫోన్ ఆమె చెవికి అతుక్కుపోయి ఉంది.

"ఎక్కడున్నావత్తా?"

"రైలు పట్టాలు దాటుతున్నా..."

"భయపడకు. నేనున్నా."

ఆమె పెదవులు ప్రార్థన పలుకుతున్నాయి. మాటలు ఒకదానిలో ఒకటి చిక్కుకుంటున్నాయి. ఆ పిల్ల ఈ వేళకు ఏం చేస్తూ ఉంటుంది? అరటికాయలు ఒలుస్తూ ఉంటుందా? తలుపు చప్పుడైతే, వచ్చింది నేనే అనుకుని తీస్తుందా?

"అమ్మా..." బలికోవా తల తిప్పకుండా అంటాడు. "వెనక వ్యాను నీకు తెలిసినవాళ్లదా?"

ఆమె వెనక్కి చూస్తుంది.

బూడిదరంగు వ్యాను. దీపాలు ఆర్పి వస్తోంది.

"పెట్రోలు బంకు కాడ్నుంచి తోకలా పట్టుకుంది. రెండుసార్లు పక్కకు జరిగి దారిచ్చాను. ముందుకెళ్లడు! ఈ వానలో నా వీపు చూసి ఏం సుఖమో వాడికి!"

ముందుకెళ్లడు...



ఎందుకు వెళ్లడు?

చిరునామా తెలిసినవాడు ముందుగా పోయి తలుపు పగలగొడతాడు. వెనకాల పాకుతూ రావలసిన అవసరం ఎవరికి? దారి తెలియనివాడికి!

అంటే... వాడికి తెలియదు. ఇంకా తెలియదు!

మూడు వారాల కిందటి మధ్యాహ్నం కళ్ల ముందు నిలుస్తుంది. ముకోసె ఆ కుర్చీలోనే కూర్చుని, ఉచితంగా దొరికే కొత్త సిస్టమ్, లినక్స్, పాతదాని పక్కనే పెట్టాడు. డిస్కును రెండుగా విడదీశాడు. ఎంత శ్రద్ధగా చెప్పాడు! "ఈ సగానికి తాళం వేశానత్తా. నీ రహస్యవాక్యం కొడితేనే తెరుచుకుంటుంది. పాతదాంట్లో దొంగ వచ్చి కూర్చున్నా ఇటు చూస్తే వాడికి కనిపించేది అర్థంలేని అక్షరాలే. అయినవాళ్ల పేర్లు పెట్టకు. నువ్వు మరిచిపోతే నేను కూడా తెరవలేను."

ఆమె అవ్వ పాడిన జోలపాటలోని పదకొండు మాటలు పెట్టుకుంది. ఏ ఒక్కరికీ చెప్పలేదు.

ఈ పూట ఆ తాళం తియ్యనే లేదు!

ఆ రోజు 'నేను కూడా తెరవలేను' అన్నాడు. ఈ రోజు వాడెవడో పట్టుకుపోయాడంటున్నాడు. ఒకే నోరు! ఇందులో ఏదో ఒకటి అబద్ధం.

"కాదు..." ఆమె గొణుగుతుంది. "ముకోసె కాదు. కంగారులో ఏదో అన్నాడు. నా చేతిలో అక్షరాలు దిద్దిన బిడ్డ..."

"ఏమంటున్నావత్తా? వినపడలేదు. ఇంకా ఎంత దూరం? ఇల్లు ఏ పక్క?"

ఇల్లు ఏ పక్క!



ఆనకట్ట వచ్చేసింది. కుడి పక్క నైలు నది ఆనకట్ట తలుపుల కింద నుంచి తెల్లగా విరుచుకుపడుతోంది. రెండు కొసల్లోనూ తుపాకులు పట్టిన సైనికులు. ఇక్కడ బండి ఆపకూడదు. జింజాలో పుట్టిన ప్రతివాడూ నడక నేర్చినప్పటి నుంచీ ఎరిగిన నియమం అది. టైరు పంక్చరైనా సరే, అవతలి గట్టు చేరేదాకా ఆగరు. ఫొటో తియ్యరు. పక్కకైనా చూడరు.

అవతలి గట్టు నుంచి నైగగ ఉన్న ఇల్లు రెండే మలుపులు.

బబిర్యే వెనక్కి చూస్తుంది. వ్యాను ఆనకట్ట ఎక్కింది.

"బలికోవా, ఆపు!"

"ఎక్కడ? ఇక్కడా? మతి పోయిందా అమ్మా? కాల్చిపారేస్తారు!"

"ఆపమన్నానా!"

"నాకు ముగ్గురు పిల్లలు తల్లీ!"

ఆమె అతని భుజం మీదుగా వంగుతుంది. తాళంచెవి తిప్పేస్తుంది.

ఇంజను చచ్చిపోయింది!

బండి జారి, వంకర తిరిగి, రోడ్డుకు అడ్డంగా నిలిచింది. వెనక వ్యాను బ్రేకులు కీచుమన్నాయి. దాని ముక్కు బలికోవా మోకాలికి జానెడు దూరంలో ఆగింది.

"కదలండి! ఏయ్! కదలండి అక్కడ్నుంచి!"

సైనికుడు అరుస్తూ పరుగెత్తుకొస్తున్నాడు. బూట్లు నీళ్లను చిమ్ముతున్నాయి.

బబిర్యే రోడ్డు మధ్యలో మోకాళ్ల మీద కూలబడుతుంది. ఒక చెయ్యి గాలిలో. రెండో చేతిలో ఫోన్, ఇంకా చెవి దగ్గరే.

"అయ్యో నా బండి! నా ఖర్మ!" బలికోవా రెండు చేతులూ ఎత్తేశాడు. "నేను ఆపలేదు సార్! ఈ పెద్దమ్మే ఆపేసింది!"

వ్యాను వెనక్కి పోబోతుంది. దాని వెనక అప్పటికే ఒక చెరకు లారీ. దారి లేదు.

"అత్తా? మాట్లాడు!" చెవిలో ముకోసె గొంతు వణుకుతోంది. "నేను దుకాణంలోనే ఉన్నా... ఏం కాదు..."

దుకాణం ఇక్కడికి మూడు మైళ్లు.

"ఇంజను ఆపు! వ్యాను దిగు!" సైనికుడు తుపాకీ ఆకాశానికి ఎత్తాడు.

ఢాం!!

ఆ శబ్దం బబిర్యేకు రెండు చోట్ల వినిపించింది.

తల మీద... ఫోన్‌లో.

ఒకే క్షణంలో!

ఆమె మెల్లగా తల తిప్పుతుంది. ఆవిరి పట్టిన వ్యాను అద్దం వెనక ఒక నీడ, చెవి దగ్గర పెట్టుకున్న చేతిని తటాలున కిందికి దించింది.

బబిర్యే లేచి నిలబడుతుంది. గొంతు వణకలేదు. అది మూడో తరగతి గదిలోని గొంతు.

"దిగరా, ముకోసే."