స్టోర్ రూమ్‌లో ఆవిరి ఓడ

"దాన్ని బయటికి తీస్కపోతే నేను ఊకోను!"

పాలిటెక్నిక్ స్టోర్ రూమ్ గుమ్మంలో రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడింది భావ్య. బయట ముసురు. మెట్ల దగ్గర పాత సామానుతో సగం నిండిన ట్రాలీ. గుమ్మానికి లోపల, దుమ్ము పట్టిన నల్లటి చక్రాన్ని పొట్టకు ఆనించి మోస్తూ రుత్విక్.

భావ్యది మంథని. గోదావరిఖనిలో ఈ కాలేజీకి మెకానికల్ లెక్చరర్‌గా వచ్చి నెల కూడా కాలేదు. రుత్విక్ వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టర్. స్టోర్ ఖాళీ చేసి కంప్యూటర్ ల్యాబుకు ఇవ్వమని ప్రిన్సిపల్ అతనికే చెప్పాడు.

"మేడమ్, శాన బరువున్నది. జర జరుగుండ్రి."

"అదేందో తెల్సా మీకు?"

"తెల్వకేంది? పాత కూలర్ ఫ్యాన్."

"కూలర్ ఫ్యానా!" భావ్య కళ్ళు ఇంతింతయ్యాయి. "ఆవిరి ఓడ చక్రం అది! వెనకటి ఓడలకు రెండు పక్కలా గిసుంటి తెడ్ల చక్రాలే ఉండేవి. అవి తిరిగితేనే ఓడ కదిలేది. అదెట్ల పనిచేస్తదో పిల్లలకు చూపెట్టేందుకు చేసిన మోడల్ ఇది."

"బొగ్గు బాయిల ఊర్లకు ఓడ ఎట్లొచ్చింది మేడమ్?"

"బెల్లంపల్లిల పాత ట్రైనింగ్ స్కూల్ మూసేసినప్పుడు సామానంతా ఇక్కడికే తెచ్చిన్రట. పెద్దసార్లను అడిగి తెల్సుకున్న."

రుత్విక్ చక్రాన్ని బల్లమీద దించి, చొక్కా చేతితో ఒకచోట గట్టిగా రుద్దాడు. నలుపు కింద ఇత్తడి తళుక్కుమంది. అతని మొహంలో వెటకారం కాస్త తగ్గింది.

"సరే. తిరిగితే మెకానికల్ ల్యాబుల పెడదాం. తిరగకపోతే తుక్కుకే. ప్రిన్సిపల్ సారుకు నేను చెప్త."

"తిరుగుతది."

"తుప్పుతోని బిగుసుకపోయింది."

"తిరుగుతదన్న గదా!"

ఆ సాయంత్రం నుంచి క్లాసులవగానే ఇద్దరూ వర్క్‌షాప్‌లో తేలేవారు. అతను కీళ్ళలో కిరోసిన్ పోసి నానబెడితే, ఆమె బ్రష్షుతో తుప్పు గీకేది. గీకుతూ ఊరుకునేది కాదు.

"ఈ తెడ్లు చూడుండ్రి. దేనికదే కదులుతది. నీళ్ళలకు దిగేటప్పుడు నిట్టనిలువుగ దిగాలె, గట్లనే బయటికి రావాలె. అప్పుడే నీళ్ళు చిమ్మవు, బలం వృథా పోదు."

"మేడమ్, నాకు పరీక్షేమన్న పెడ్తరా?"

"పెడ్తే పాసైతరా?"

"మీరు దిద్దితే ఫెయిలే."

ఆమె నవ్వాపుకోలేక తల తిప్పుకునేది. బుగ్గకు అంటిన గ్రీజు మాట అతను చెప్పేవాడు కాదు. ఇంకాసేపు చూడొచ్చని.

చక్రం కదలడం మొదలైంది. ఇక నీళ్ళలో పెట్టి చూడాలి అనుకుంటూ భావ్య వర్క్‌షాప్‌కు వెళ్ళిన రోజున బల్ల ఖాళీగా ఉంది.

"రుత్విక్ సారు ఆటోల ఏస్కపోయిండమ్మా," అన్నాడు వాచ్‌మన్ ఎల్లేశం. "తుక్కు లారీ వస్తున్నదని ప్రిన్సిపల్ సారు ఫోన్ చేసిండు."

భావ్యకు ఒళ్ళు మండిపోయింది. అంత తేలిగ్గా లారీకి ఎత్తేశాడా? ఫోన్ చేస్తే తీయలేదు. షేర్ ఆటో ఎక్కి, అడ్రస్ అడుగుతూ కార్మికుల క్వార్టర్ల వీధిలో అతని ఇంటి ముందు దిగింది.

వాకిట్లో నీళ్ళ గోలెం మీద రెండు కర్రలు. వాటి మధ్య చక్రం. పక్కన తలనుంచి కాళ్ళదాకా తడిసి ముద్దయిన రుత్విక్. అరుగు మీద అతని తండ్రి సదయ్య, బొగ్గు బాయిలో పనిచేసి రిటైరైన మనిషి, పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

"తుక్కుకు ఏసినవనుకున్న!" అరిచింది భావ్య.

"లారీకి చిక్కకుండ ఇంటికి తెచ్చిన. ఫోన్ ఈ గోలెంలనే పడ్డది." రుత్విక్ మొహం తుడుచుకున్నాడు. "కానీ మేడమ్, తెడ్లు నిలువుగ దిగుతలేవు. చెంపమీద కొట్టినట్టు కొడ్తున్నయి నీళ్ళను."

భావ్య కోపం మరిచిపోయి వంగి చూసింది. తెడ్లను నిలువుగా నిలిపే చిన్న వలయాన్ని ముందువైపు కాకుండా వెనకవైపు బిగించారు. తుప్పు గీకాక దాన్ని మళ్ళీ బిగించినప్పుడు స్పానర్ పట్టింది తనే.

"నేనే తప్పు బిగించిన," అంది నాలుక కరుచుకుని.

"అబ్బ! ఆ మాట మళ్ళొకసారి అనుండ్రి మేడమ్."

ఇద్దరూ కలిసి విప్పి తిప్పి బిగించారు. రుత్విక్ చక్రం పిడి తిప్పాడు. తెడ్లు ఒకదాని వెనక ఒకటి నిటారుగా నీళ్ళలోకి దిగి, చుక్క చిమ్మకుండా పైకి లేచాయి. గోలెంలో నీళ్ళు ఒక్క దిక్కుగా పారాయి. భావ్య చప్పట్లు కొట్టి అతని చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నాక వదల్లేదు.

"ఇంత చక్రానికి కాయితం పడవైనా లేకపాయె," అంటూ సదయ్య నవ్వుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

రుత్విక్ గొంతు తగ్గించాడు. "మేడమ్ అనుడు బంద్ చెయ్యాలని ఎన్నడో అనుకున్న. ధైర్యం చాలలే. మీది మంథని. మీ నాన్న సంస్కృతం సారు. మా ఇల్లు చూస్తున్నరు గదా. మీ ఇంట్ల ఒప్పుకోరు."

"వాళ్ళ సంగతి నేనడిగిన్నా? నువ్వు ఒప్పుకుంటవా, చెప్పు."

అతను తలూపాడు.

ఆ ఆదివారమే మంథనిలో భావ్య తన తండ్రి సదాశివ ముందు కూర్చుంది. ఆయన అంతా విని పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"మనింట్ల ఇట్ల ఎన్నడు కాలేదమ్మా."

"తెల్సు నాన్నా. చెప్పకుండ పోయి చేస్కోను. మీరు అక్షింతలు ఏస్తేనే చేస్కుంట. కానీ ఇంకెవ్వర్ని చేస్కోను."

ఆ తర్వాత వచ్చిన ప్రతి ఆదివారం అదే మాట. అరవలేదు, ఏడవలేదు, అన్నం మానలేదు. సర్వపిండి తింటూ రుత్విక్ ఏం చేశాడో, ఏమన్నాడో, చక్రానికి అద్దాల తొట్టి ఎలా కట్టాడో చెప్పేది. తల్లి విశాలాక్షమ్మ మొదట విననట్టు ఉండేది, తర్వాత ప్రశ్నలడగడం మొదలుపెట్టింది. పేపరు మాత్రం కిందికి దిగలేదు.

వాన తగ్గి చలి మొదలయ్యాక, ప్రిన్సిపల్ సరేననడంతో మెకానికల్ ల్యాబులో చక్రాన్ని నిలబెట్టారు. పిల్లలంతా అద్దాల తొట్టి చుట్టూ మూగారు. భావ్య చెప్తుంటే, రుత్విక్ పిడి తిప్పుతున్నాడు. పిల్లల వెనకనుంచి ఒక గొంతు వినబడింది.

"నన్నొకసారి తిప్పనిస్తవా?"

సదాశివ! భుజాన సంచి, బస్సు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు. పెద్దాయన పిడి అందుకుని మెల్లగా తిప్పాడు. తెడ్లు నీళ్ళలోకి దిగడం, లేవడం చాలాసేపు చూశాడు.

"రుత్విక్ అంటే నువ్వేనా?"

"అవును సార్."

"మా అమ్మాయి శాన మొండిది. తెల్సా?"

"తెల్సు సార్."

"తెల్సి గూడ చేస్కుంటనంటున్నవు."

"చేస్కుంట సార్." ఈసారి రుత్విక్ తలూపి ఊరుకోలేదు.

సదాశివ పిడి వదిలి చేతులు తుడుచుకున్నాడు. "మీ నాన్న ఇంట్ల ఉన్నడా?"

"ఉన్నడు సార్."

"బండున్నదా నీకు?"

"ఉన్నది..."

"అయితే పద. పిల్లనిస్తనని చెప్పేటందుకు నేనే పోవాలె గద."

"నాన్నా, నేను?" అంది భావ్య.

"నీకు క్లాసుంది. పిల్లలు చూస్తున్నరు. పాఠం చెప్పుకో."

భావ్య ఆగలేక వరండాలోకి పరుగెత్తింది. బండి గేటు దాటుతోంది. స్పీడ్‌బ్రేకర్ దగ్గర కుదుపు తగిలితే, ఆమె తండ్రి ఒక చేత్తో సంచిని ఒళ్ళోకి లాక్కుని, రెండో చేత్తో రుత్విక్ భుజాన్ని గట్టిగా పట్టుకున్నాడు.