ఇప్పినావా, నరసప్పా?

ఆదోనిలో నా చేతికి లొంగని బండి లేదని నేనే చెప్పుకుంటాను. ఇంకెవరూ చెప్పకపోతే ఏం చేసేది! ముప్పై ఐదేళ్లు లారీల కింద పడుకుని బతికినవాణ్ణి. అందుకే ఆ కార్తీకమాసం మధ్యాహ్నం శేషప్ప ఫోన్ చేసి, "నరసప్పా, ఒక పాత లారీ స్టీరింగు ఎవురికీ రాకుండా మొండికేస్తాంది, నువ్వే దిక్కు" అంటే గర్వంగా అనిపించింది. ఏ లారీ అని అడగలేదు.

కౌతాళం రోడ్డులో ఉంది ఆయన గోడౌన్. రేకుల కప్పు, లోపల మిగిలిపోయిన పత్తి, ఎలుకల కంపు. ఆ చీకట్లో, గుండ్రటి ముక్కుతో, ఆకుపచ్చ రంగు పెచ్చులూడిపోయి నిలబడి ఉంది. ఆ లారీని చూడగానే గుమ్మంలోనే ఆగిపోయాను.

"మా ప్రదీప్ పెండ్లి ఎమ్మిగనూరులో" అన్నాడు శేషప్ప. "తాత మొదటి లారీ మీదనే ఊరేగుతానంటాడు మనవడు. స్టీరింగు పగిలిపోయింది. కొత్తది బళ్లారి నుంచి తెప్పించినా. పాతది ఇప్పు, సాలు."

"అన్నా, ఈ బండా..."

"ఇరవై రెండేండ్లయింది. ఎవురికి గుర్తుంటాది?"

నాకు గుర్తుంది. ఈ లారీ డ్రైవరు ఈరేష్ నా దగ్గరికి మూడుసార్లు వచ్చాడు. చక్రాన్ని పట్టి ఉంచే షాఫ్టు మీది పళ్లు అరిగిపోయి స్టీరింగు జారుతోంది, మార్చమని. అది పత్తి సీజను. బండి ఒక్కరోజు కూడా ఆగడానికి వీల్లేదన్నాడు శేషప్ప. నేనేం చేశాను? రేకు ముక్క కత్తిరించి సందులో దోపి, నట్టు బిగించి, "ఇంక ఏం కాదు పో" అన్నాను. నాలుగో రోజు కౌతాళం దగ్గర కాలవ మలుపులో స్టీరింగు ఊరికే గిరగిరా తిరిగింది. లారీ కాలవలో పడింది. క్యాబిన్ తలుపు తెరుచుకోలేదు.

ఈరేష్ చుక్క ముట్టేవాడు కాదు. తాగి నడిపాడని పోలీసులకు చెప్పింది నేనూ శేషప్పా ఇద్దరమే. అతని భార్య ఉచ్చీరమ్మ స్టేషను ముందు మట్టిలో పడి, అబద్ధం, అబద్ధం అని అరుస్తుంటే నేను టీ తాగుతూ కూర్చున్నాను. సిగ్గుమాలినవాణ్ణి.

శేషప్ప బయట వేపచెట్టు నీడలో కుర్చీ వేసుకున్నాడు. నేను క్యాబిన్ ఎక్కి, నట్టు వదులు చేసి, రెండు చుట్లు మాత్రం ఉంచాను. అట్లా ఉంచకపోతే ఊడినప్పుడు స్టీరింగు వచ్చి మూతి పగలగొడుతుంది. కిరోసిన్ పోశాను. చక్రాన్ని లాగి ఊడదీసే పుల్లర్ బిగించాను. మోకాళ్లు కింద ఆనించి లాగాను. షాఫ్టు మీద సుత్తితో కొట్టాను. ఠంగ్... ఠంగ్... తుప్పు రాలింది గాని అది కదల్లేదు. ఆ రోజు అతని చేతిలో ఒక్క క్షణం పట్టు దొరకని చక్రం, ఇప్పుడు వెల్డింగు పెట్టినట్టు బిగుసుకుపోయింది.

"ఇప్పినావా, నరసప్పా?" బయటినుంచి కేక.

"ఇప్పుతాండా అన్నా!"

పుల్లర్ కూడా జారిపోతుంటే దాన్ని తీసి పక్కన పెట్టి, రెండు చేతులతో చక్రాన్ని పట్టుకున్నాను. అప్పుడు వచ్చింది ఆ వాసన. ఒండ్రుమట్టి, నాచు... కుళ్లిన నీళ్లు. పెడళ్ల దగ్గర చెప్పుల్లోకి చల్లగా ఏదో పాకింది. వంగి చూశాను. పొడి దుమ్ము. ఒక్క చుక్క కూడా లేదు. కానీ ఆ చల్లదనం మోకాళ్ల దాకా వచ్చింది.

"ఇప్పినావా, నరసప్పా?"

ఈసారి బయటినుంచి కాదు. బయట శేషప్ప గురక వినిపిస్తూనే ఉంది. ఇది నా చెవి వెనకనుంచి వచ్చింది.

చేతులు తీసేయబోయాను... రాలేదు. నా వేళ్ల మీద ఇంకెవరివో వేళ్లు. ఉబ్బిపోయి, మెత్తగా. చక్రం నెమ్మదిగా ఎడమకు తిరిగింది. మళ్లీ కుడికి. నా చేతుల్ని కూడా తిప్పుతూ... చల్లదనం నడుము దాటింది. ఛాతీ దాటింది. గొంతు దగ్గరికి వచ్చింది. నోరు తెరిస్తే గాలి లేదు.

"ఇప్పు..."

"ఏం... ఏం ఇప్పాల, ఈరేషూ?"

"నోరు."

అరిచాను. ఉన్న కాస్త ఊపిరితో అరిచాను. "ఈరేష్ తాగలేదు! రేకు పెట్టింది నేను! శేషప్ప పెట్టమన్నాడు! ఇద్దరం అబద్ధం చెప్పినాం!"

చక్రం నా ఒళ్లో పడింది. దూదిలాగా తేలిగ్గా పడింది. షాఫ్టు వైపు చూశాను. నేను ఉంచిన నట్టు దాని మీద అట్లాగే ఉంది.

శేషప్ప గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఎవురికి సెప్తాండావురా?"

"ఉచ్చీరమ్మకు సెప్పేద్దాం రా అన్నా. నీ కాళ్లు పట్టుకుంటా, రా."

"సచ్చినోడు సచ్చినాడు. పెండ్లి ముందర నా పరువు తీస్తావా? నోరు తెరిచినావంటే తోలు తీస్తా!" అని తిట్టుకుంటూ పోయి కారు వెనక సీట్లో కూర్చుని ధడేల్‌మని తలుపు వేసుకున్నాడు. కారు కదిలింది. ఆదోని వైపు కాకుండా కౌతాళం వైపు తిరిగింది. ఏ పనుందోలే అనుకుని నేను బైకు తీశాను.

ఉచ్చీరమ్మ వాకిట్లో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. నిలబడే అంతా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, చెప్పుతో కొడుతుందనుకున్నాను. ఆమె నా వెనక్కి చూసింది.

"ఇద్దురూ వస్తారనుకున్నా. ఒగనివే వచ్చినావా?"

"శేషప్పన్న రాలేదక్కా."

"నా బిడ్డ నాగవేణిని బడిలో తాగుబోతోని కూతురనేటోళ్లు. రేపు స్టేషన్లో కూడా ఇదే మాట సెప్పు. నీకు అంతవరకే."

ఎంతవరకని అడగబోతుంటే ఫోన్ మోగింది. శేషప్ప కారు డ్రైవరు వెంకటేశులు.

"నరసప్పన్నా, కారు యాడ? అన్నం తినొచ్చేలోపల లేదు. తాళం నా జేబులోనే ఉండాది. మా సావుకారికి కారు తోలేది రాదు గదా!"

కారు కదిలినప్పుడు డ్రైవరు సీట్లో ఒక మనిషిని నేను చూశాను. తెల్లచొక్కా భుజాలకు తడిసి అతుక్కుపోయి ఉంది. చెమటనుకున్నాను.

"కాలవ దిక్కు పోయినారక్కా" అన్నాను, ఎట్లాగో.

ఉచ్చీరమ్మ తలెత్తలేదు. "అద్దాలు ఎక్కించుకున్న్యాడా?"

"ఎక్కించుకున్న్యాడు. ఏసీ కారు గదా..."

"సరే" అని ఆమె ఇంకో మిరపకాయ తీసుకుని తొడిమ తుంచింది.