నెలనెలా వెలిగే పచ్చదీపం

ఆ ఆదివారం తెల్లవారేసరికి ఆ పేటలో బింబాలు ఆగిపోయాయి. ఎక్కడో తీగ తెగిందట, ఎప్పటికి బాగవుతుందో ఎవరూ చెప్పలేకపోయారు. రాహేలుకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. నెల మొదటి ఆదివారం, చర్చిలో ప్రభువు రొట్టె పంచే సంస్కారం. ఎవరితోనైనా మనస్పర్థ ఉంటే వాళ్ళింటికి వెళ్ళి సమాధానపడి వచ్చాకే రొట్టె ముట్టాలన్నది వాళ్ళ సంఘం కట్టుబాటు.

వెనకటికి ఆ పని మనుషులే చేసేవారు, ముఖం మాడ్చుకునైనా సరే. ప్రతిబింబి అనే యంత్రం ఇంటింటికీ వచ్చాక ప్రాణం హాయిగా ఉంది. చేతిపట్టీ నొక్కితే చాలు, మన రూపూ మన గొంతూ ఉన్న బింబం అవతలివాళ్ళింటికి వెళ్ళి క్షమించమంటుంది. వాళ్ళ బింబం క్షమిస్తుంది. పట్టీ మీద పచ్చదీపం వెలుగుతుంది. ఈలోగా మనం తల దువ్వుకోవచ్చు. తన సంఘంలో తగవులే లేవని చర్చి పాస్టరు అయ్యగారు మురిసిపోయేవారు.

రాహేలు తప్పు చిన్నది కాదు. విషజ్వరాల ఏడాది మరిది మంచాన పడితే, తోడికోడలు కృపావతి చంటిపాపను ఎత్తుకొచ్చి, జ్వరం తగ్గేదాకా ఉంచుకోమని తలుపు కొట్టింది. తన పిల్లలకు ఎక్కడ అంటుకుంటుందోనని రాహేలు గడియ తీయలేదు. మరిది కోలుకున్నాడు గానీ పాప దక్కలేదు. అప్పటినుంచి నెలనెలా రాహేలు బింబం వెళ్తూనే ఉంది, పచ్చదీపం వెలుగుతూనే ఉంది.

ఇవాళ తనే బయల్దేరింది. అన్నిసార్లు క్షమించిన మనిషే కదా అని దారిపొడుగునా ధైర్యం చెప్పుకుంది.

కృపావతి తలుపు తీసి అలాగే నిలబడిపోయింది.

"నువ్వేనా అక్కా? మనిషివేనా?"

రాహేలు ఎప్పుడూ చెప్పే క్షమాపణ చెప్పబోయింది. ఆ మాటలు తనకు రావని అప్పుడు తెలిసింది. అవి బింబం కూర్చుకున్నవి. నెలనెలా క్షమిస్తూనే ఉన్నావుగా కృపా, అని మాత్రం గొణిగింది.

"క్షమించింది నా బింబం. నీ బింబమొచ్చినప్పుడల్లా నేను వంటింట్లోకి పోయేదాన్ని. నేనింకా క్షమించలా అక్కా. నువ్వొస్తే నీ ముందు కూచుని ఏడవాలనుకున్నా. నువ్వు రాలా."

అంతలో గోడలోని ప్రతిబింబి యంత్రం గుర్రుమంది. తీగ బాగైనట్టుంది, పొద్దున రాహేలు పట్టీ మీద నొక్కిన నొక్కు ఇప్పుడు అందింది. గుమ్మంలో రాహేలు బింబం వెలిసింది, దానికెదురుగా కృపావతి బింబం. తప్పయిపోయిందని ఒకటి కన్నీళ్ళు పెట్టుకుంది. ప్రభువు క్షమించినట్టే నేనూ క్షమించానంది రెండోది. ఇద్దరు ఆడవాళ్ళూ చూస్తుండగానే అవి కౌగిలించుకుని మాయమయ్యాయి. పట్టీ మీద పచ్చదీపం వెలిగింది.

చర్చి గంట మొదలైంది.

"పో అక్కా. దీపం వెలిగిందిగా," అంది కృపావతి.

రాహేలు పట్టీ విప్పేసి మెట్టు మీద కూర్చుంది. గంట మోగి మోగి ఆగిపోయింది.

"ఆ రోజు నేను తలుపెనకే ఉన్నా కృపా. పాప ఏడుపు వింటానే ఉన్నా," అంది.

ఏ బింబానికీ చెప్పని మాట అది. కృపావతి లోపలికి రమ్మనలేదు. తలుపు కూడా వేయలేదు.