ఒకే కోడ్, రెండు ప్రోగ్రాములు

ఆ అమ్మాయి గదిలోకి వస్తూనే తలుపు దగ్గరగా వేసి, కుర్చీ అంచున కూర్చుంది. ఎదురుగా మాస్టారు, పక్కన ఆయన శిష్యురాలు. మాస్టారని అందరూ పిలుచుకునే ఆయన ప్రైవేటు డిటెక్టివ్. ఆయన చూపంటే శిష్యురాలికి గురి.

"నేనే తప్పూ చేయలేదండీ. అయినా నన్ను పోలీసులకి అప్పగిస్తామంటున్నారు," అంది అమ్మాయి.

సంగతి ఇదీ. ఆసుపత్రుల్లో రోగి నరంలోకి మందు ఎక్కించే పంపులకు వాళ్ళ కంపెనీ ప్రోగ్రాము తయారుచేస్తుంది. ఇంజనీర్లు రాసిన కోడ్‌ను సర్వర్ అనే పెద్ద కంప్యూటర్ ప్రోగ్రాముగా మారుస్తుంది. దాన్నే బిల్డ్ అంటారు. కొత్త సర్వర్ కొన్నాక, ఒకే కోడ్‌ను పాతదాని మీదా కొత్తదాని మీదా బిల్డ్ చేసి చూశారు. రెండూ అచ్చు గుద్దినట్టు ఉండాలి. లేవు. పాత సర్వర్ నుంచి ఆసుపత్రులకు వెళ్ళినదాంట్లో, కోడ్‌లో ఎక్కడా లేని ముక్క ఒకటి ఉంది. విడుదల బాధ్యత ఈ అమ్మాయిది కనుక దొంగచాటుగా దూర్చిందీ ఆమేనని డైరెక్టరు తేల్చేశాడు. కొత్త సర్వర్ ఇచ్చిన 'శుభ్రమైన' ప్రోగ్రామును ఆ సాయంత్రమే అన్ని పంపులకూ పంపబోతున్నాడు.

మాస్టారు కంపెనీకి వెళ్ళి, పాత సర్వర్ మీద ఏడాది కిందటి కోడ్‌ను మళ్ళీ బిల్డ్ చేయించాడు. అందులోనూ ఆ ముక్కే వచ్చింది. సర్వర్ లోపల చెయ్యి పెట్టే అనుమతి ఎవరికుందని అడిగితే, బిల్డ్ విభాగం చూసే పెద్దాయన ఒక్కరికేనన్నారు. అమ్మాయి ఆయన్ని బాబాయ్ అని పిలుస్తుంది. ఆయన మాత్రం ఇవాళ పంపొద్దని బతిమాలుతున్నాడు, కారణం చెప్పడు. ఇక ఫిర్యాదులు తీసుకునే ఉద్యోగిని ఇంకో మాట చెప్పింది: కరెంటు పోయి బ్యాటరీకి మారేటప్పుడు పంపులు ఆగిపోయేవట. ఏడాదిగా ఆ బాధే లేదు. కోడ్‌లో దాన్ని సరిచేసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

మధ్యాహ్నం అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టాడు మాస్టారు. బల్ల మీద శుభ్రమైన ప్రోగ్రాము ఎక్కించిన పంపు, గొట్టంలో నీళ్ళు. శిష్యురాలితో ప్లగ్గు లాగించాడు. చుక్క ఆగిపోయింది. పాత ప్రోగ్రాముతో మళ్ళీ లాగించాడు. చుక్క పడుతూనే ఉంది.

"దొంగ ముక్క అన్నారే, రోగుల్ని కాపాడుతున్నది అదే," అన్నాడు. "కోడ్ పాతదైనా కొత్తదైనా ఆ ముక్క వస్తోందంటే, అది సర్వర్‌లోనే ఉంది. అక్కడ ఈ అమ్మాయి చెయ్యి పడదు. పడేది ఒక్కరిదే."

పెద్దాయన తల వంచుకున్నాడు. "కోడ్ మార్చడానికి పైవాళ్ళని అనుమతి అడిగాను. ఉలుకూ పలుకూ లేదు. ఈలోగా ఒక పంపు ఆగింది. నర్సు చూసింది కాబట్టి సరిపోయింది. ఆగలేక సర్వర్‌లోనే సరిచేశాను. తర్వాత ఉద్యోగం పోతుందని నోరు పెగల్లేదు." అమ్మాయి వైపు తిరిగాడు. "నీ మీదికొచ్చాకైనా చెప్పాల్సింది, తల్లీ."

"మంచి పనైనా చాటుగా చేస్తే నేరంలానే కనిపిస్తుంది," అన్నాడు మాస్టారు. ఆ అనుమతి కాగితాలు ఎవరి బల్ల మీద ఆగాయో ఆయన అడగలేదు. డైరెక్టరు మొహమే చెప్పింది.

పంపడం ఆగింది. డైరెక్టరు అందరి ముందూ అమ్మాయిని క్షమాపణ అడిగాడు. ఆ సవరణను ఇంజనీర్లు పరిశీలించి, పెద్దాయన పేరుతోనే కోడ్‌లో చేర్చి, పాత సర్వర్‌లోంచి ఆ ముక్క తీసేశారు. ఇక రెండు సర్వర్ల మీదా బిల్డ్ చేసి చూడటమే మిగిలింది. పెద్దాయన గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

అమ్మాయి తన కుర్చీ ఖాళీ చేసింది.

"రండి బాబాయ్, మీరే చేయండి."

ఆయన కూర్చున్నాడు. కాసేపటికి తెర మీద రెండు ప్రోగ్రాములూ అక్షరం తేడా లేకుండా కలిశాయి.