గడువు దాటిన అప్పీలు

"అత్తయ్యా, మీ అమ్మాయి మా కొంప ముంచేసింది!"

గుమ్మంలో బూట్లయినా విప్పకుండా వంటింట్లోకి దూసుకొచ్చింది జిల్దిజ్. కులీపా అప్పుడే రొట్టెలకి పిండి కలుపుతోంది. కోడలి ముఖం చూడగానే పిసకడం ఆపేసింది.

"ఏమైందే? పిల్లలు బాగానే ఉన్నారా?"

"పిల్లలకేం! వాళ్ళ నోటి దగ్గర కూడు లాగేసింది వాళ్ళ మేనత్త. సొంత అన్నయ్య మీద న్యాయవాదుల మండలికి ఫిర్యాదు పెట్టింది! కోర్టు క్యాంటీన్లో అందరూ అదే చెప్పుకుంటున్నారట... మీ అబ్బాయి ఎర్మెక్ లాయరు లైసెన్సు ఊడిపోతుందని! ఈ కరకోల్ ఊళ్ళో ఇక తలెత్తుకుని ఎలా తిరగమంటారు?"

వెనక గదిలో కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది. బురుల్ బయటికి వచ్చింది. చేతిలో ఇంకా ఎవరిదో పెళ్ళి కోటు చేతి ముక్క ఉంది. నాలుగు నెలలుగా ఏడ్చి ఏడ్చి ఆ పిల్ల కళ్ళు గుంటలు పడిపోయాయి కానీ, ఆ రోజు మాత్రం గొంతు వణకలేదు.

"లైసెన్సు పీకెయ్యమని నేను రాయలేదు వదినా. నిజం తేల్చమని రాశాను."

"ఏం నిజం? అప్పీలు వద్దని నువ్వే అన్నావట కదా!"

"నేనా?" బురుల్ కోటు ముక్క పక్కన పడేసింది. "కన్నబిడ్డ నాకొద్దని నేనంటానా వదినా? అప్పీలు వేశాను, ఓపిక పట్టు అన్నాడు అన్నయ్య. పట్టాను. చివరికి కోర్టుకెళ్ళి అడిగితే, మాకలాంటిదేమీ రాలేదు, గడువు కూడా దాటిపోయింది అన్నారు... తప్పు నాది కాదు, లాయరుది అని తేలితేనే కోర్టు మళ్ళీ తలుపు తీస్తుందంది కొత్త లాయరమ్మ. నేనింకేం చెయ్యను? చెప్పు, నువ్వూ తల్లివే కదా!"

జిల్దిజ్ అత్తగారి వైపు తిరిగింది.

"మీరొక్క మాటంటే వెనక్కి తీసుకుంటుంది అత్తయ్యా. అనండి. కొడుకు మీద మీకు ఏమాత్రం ప్రేమ ఉన్నా అనండి!"

కులీపా చేతులు పిండిలో అలాగే ఉండిపోయాయి. అనలేకపోయింది... ఎలా అంటుంది? ఆమెకి తెలుసు!

బురుల్ కాపురం చెడిపోయి ఏడాది దాటింది. భర్త కుబాత్ తాగి రెండుసార్లు చెయ్యి చేసుకుంటే, ఆరేళ్ళ కూతురు బెర్మెత్ చెయ్యి పట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. తలాస్‌లో పెద్ద ఇల్లు, తాత, నాయనమ్మ, అన్నీ ఉన్నాయని చూపించి కుబాత్ కోర్టులో పిల్లని గెలుచుకుని అంత దూరం తీసుకెళ్ళిపోయాడు. ఆ తీర్పు మీద అప్పీలు బాధ్యత ఎర్మెక్‌ది. చెల్లెలి లాయరు కూడా అతనే మరి! పరాయివాళ్ళ గుమ్మం ఎక్కడమెందుకు, ఇంట్లోనే లాయరుండగా అని అందరూ అనుకున్నారు. నవ్‌రూజ్ వసంత పండగ వెళ్ళిన వారంలో అతను తల్లి వంటింట్లో కూర్చుని లగ్మన్ నూడుల్స్ తింటూ, గొంతు తగ్గించి ఒక మాట అన్నాడు. "దానికి చెప్పకమ్మా. నేనింకా ఏ అప్పీలూ వెయ్యలేదు. పిల్ల అక్కడుంటే పిల్ల కోసమైనా కాపురానికి వెళుతుంది. నాలుగు రోజులు పోతే కోపం చల్లారుతుంది." తరువాత ఎప్పుడైనా వేసుకోవచ్చు కాబోలు అనుకుంది ఆ తల్లి. కోర్టు గడువు ఒకసారి మూసుకుంటే మళ్ళీ తెరుచుకోదని ఆమెకేం తెలుసు! కూతురి కాపురం నిలబడితే అంతకన్నా ఏం కావాలి అని కూడా అనుకుంది.

జిల్దిజ్ విసురుగా వెళ్ళిపోయింది. కులీపా చేతులు కడుక్కుని, తెల్ల రుమాలు తలకి కట్టుకుని, కూతురితో ఒక్క మాటైనా చెప్పకుండా బయలుదేరింది.

ఎర్మెక్ ఆఫీసు కోర్టుకి ఎదురుగానే. తల్లిని చూడగానే లేచి కుర్చీ లాగాడు.

"రా అమ్మా, కూర్చో. దాన్ని ఒప్పించావా?"

"లేదురా. నేనూ మండలి ముందుకి వస్తానని చెప్పడానికి వచ్చాను. నువ్వు వంటింట్లో నాతో అన్న మాట వాళ్ళకి చెబుతాను. నీ వెనకాల చెప్పడం ఇష్టం లేదు. అందుకే ముందు నీకు చెబుతున్నాను."

అతను నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"నీకర్థమవుతోందా అమ్మా? నా లైసెన్సు పోతుంది! శానిటోరియం వంటశాలలో చేతులు కాల్చుకుని నన్ను చదివించావు కదా... ఆ చదువు నీ నోటితోనే బూడిద చేస్తావా? నేనేమన్నా దాని చెడు కోరానా? కుబాత్ తాగుడు మానేశాడు. పెద్దన్నగా ఆలోచించాను, అంతే!"

"అన్నగా నీకేమనిపించినా దాంతో పోట్లాడి చెప్పాల్సింది. తిట్టినా పడేది. కానీ అది నీ దగ్గరికి లాయరువని వచ్చిందిరా నాయనా. వేశానని అబద్ధం ఎందుకు చెప్పావు? అదే వద్దందని ఇప్పుడింకో అబద్ధం దాని నెత్తిన ఎందుకు పెడుతున్నావు?"

ఎర్మెక్ కిటికీ వైపు తిరిగాడు. "వస్తే రా" అన్నాడు. "కన్నతల్లే కొడుకు మీద సాక్ష్యం చెప్పిందని ఊరంతా చెప్పుకోనీ!"

కులీపా మెట్లు దిగింది. ఏ చేత్తో అన్నం పెట్టిందో ఆ చేత్తోనే కొడుకు కూడు లాగేస్తోంది! ఇద్దరిలో ఎవరి వైపు నిలబడినా రెండో బిడ్డకి వీపు చూపించాలి. ఏ తల్లికీ రాకూడదు ఆ కష్టం!

విచారణ రోజున మండలి హాల్లో పొడుగాటి బల్ల వెనక ఐదుగురు లాయర్లు కూర్చున్నారు. మధ్యలో నెరిసిన జుట్టావిడ అధ్యక్షురాలు. ఎర్మెక్ నిలబడి, "అప్పీలు వద్దని నా క్లయింటు నోటిమాటగా చెప్పింది" అన్నాడు. చెల్లెలు అనలేదు, క్లయింటు అన్నాడు. బురుల్ తల వంచుకుంది. ఆమె పక్కనున్న కొత్త లాయరమ్మ, "తల్లిగారు మాట్లాడతారట" అంది.

"చెప్పండి పెద్దమ్మా. కూర్చునే చెప్పండి" అంది అధ్యక్షురాలు.

కులీపా కూర్చోలేదు.

"నేను చదువుకున్నదాన్ని కాదమ్మా. వీడు నా కొడుకు. మంచివాడు. వాళ్ళ నాన్న పోయాక చెల్లెలిని భుజాల మీద ఎక్కించుకుని బడికి తీసుకెళ్ళింది వీడే. అది వాడికి ప్రాణం... కానీ అప్పీలు వెయ్యలేదని, దానికి చెప్పొద్దని నాతో అన్నాడు. పిల్ల కోసం అది కాపురానికి వెళుతుందని అన్నాడు. వద్దని నా కూతురు అనలేదు. వాడికి శిక్ష వెయ్యండని నేను రాలేదు. నా మనవరాలు ఇంటికి రావాలి... అందుకొచ్చాను."

బురుల్ లేచి తల్లి చెయ్యి పట్టుకుంది.

"ఎర్మెక్" అంది అధ్యక్షురాలు నెమ్మదిగా, "మీ అమ్మగారు చెప్పింది నిజం కాదంటారా?"

కాదంటే చాలు. పెద్దావిడ, మాట సరిగ్గా వినపడలేదనుకుంటారు. ఇంకో సాక్ష్యం లేదు. లైసెన్సు నిలబడుతుంది. ఎర్మెక్ తల్లి వైపు చూశాడు. తల్లి కూడా అతని వైపే చూస్తోంది. బతిమాలడం లేదు, బెదిరించడం లేదు... జ్వరమొచ్చిన పిల్లవాణ్ణి చూసినట్టు చూస్తోంది.

అతను టై ముడి వదులు చేసుకున్నాడు.

"మా అమ్మ అబద్ధం చెప్పదండీ" అన్నాడు.

అంతే. తరువాత మిగిలినదంతా తనే చెప్పాడు. అప్పీలు తను వెయ్యలేదని, వేశానని చెల్లెలికి చెప్పింది తనేనని, ఆమె ఎప్పుడూ వద్దనలేదని. చెబుతున్నంతసేపూ క్లయింటు అనలేదు. బురుల్ అన్నాడు.

ఆరు నెలల పాటు లైసెన్సు నిలిపివేశారు. లాయర్ల జాబితాలో ఎర్మెక్ పేరు పక్కన ఆ ముక్క ఎవరు వెతికినా కనిపించేట్టు పెట్టారు. ఆఫీసు బోర్డు తనే దింపి బట్టలో చుట్టి అటక మీద పెట్టాడు. ఆ వేసవంతా బావమరిది ఆపిల్ తోటలో పనికి వెళ్ళాడు. జిల్దిజ్ పిల్లల్ని మాత్రం ఆదివారాలు నాయనమ్మ దగ్గరికి పంపేది, తను గేటు దాటి లోపలికి వచ్చేది కాదు. కులీపా ఆ కోపాన్ని ఏమీ అనుకోలేదు. మొగుడి కోసం ఆ మాత్రం అలగకపోతే భార్య ఎందుకవుతుంది అనుకునేది. కొడుకు రాలేదు. ఫోనూ చెయ్యలేదు. అదొక్కటే ఆమెని లోలోపల తినేసింది.

మండలి నిర్ణయం చూపించగానే ప్రాంతీయ కోర్టు గడువు దాటిన అప్పీలు తీసుకుంది. ఆకులు పసుపుపచ్చబడే వేళకి తీర్పు వచ్చింది... బెర్మెత్ తల్లి దగ్గరే ఉండాలని!

తలాస్‌కి బయలుదేరడానికి తల్లీకూతుళ్ళు సంచీ సర్దుకుంటుంటే గేటు ముందు కారు ఆగింది.

"అంత దూరం పిల్లతో బస్సుల్లో ఏం పడతారు? ఎక్కండి" అన్నాడు ఎర్మెక్, ఎవరి ముఖమూ చూడకుండా.

బురుల్ సంచీ తీసుకుని వెనక సీట్లో కూర్చుంది. దారి పొడుగునా అన్నాచెల్లెళ్ళ మధ్య మాట లేదు. తలాస్‌లో గేటు దగ్గర బెర్మెత్ పరుగెత్తుకొచ్చి తల్లి నడుము వాటేసుకున్నప్పుడు మాత్రం ఎర్మెక్ కారు చాటుకి వెళ్ళిపోయాడు. కుబాత్ తండ్రి ఏదో అనబోతే, ఎర్మెకే ముందుకొచ్చి, "పిల్ల వస్తూ పోతూ ఉంటుంది బాబాయ్, మీకు దూరం కానివ్వం" అని చేతులు పట్టుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో ఇస్సిక్‌కుల్ సరస్సు ఒడ్డుకి చేరేసరికి మధ్యాహ్నం వాలింది. రోడ్డు పక్కన ఆడవాళ్ళు ఎండుచేపలు వేలాడదీసి అమ్ముతున్నారు. వెనక బెర్మెత్ తల్లి ఒళ్ళో నిద్రపోతోంది. బురుల్ కూడా కళ్ళు మూసుకుంది.

"అమ్మా" అన్నాడు ఎర్మెక్ రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా. "ఆ రోజు నేను... కాదు, మా అమ్మ పొరపడింది అనుంటే ఏం చేసేదానివి?"

"ఏం చేస్తానురా?" అంది కులీపా. "ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని. మర్నాడు నువ్వొస్తే కూర్చోబెట్టి వడ్డించేదాన్ని. ఇన్నాళ్ళూ కూడా వడ్డించడానికే చూశాను. నువ్వే రాలేదు."

కారు నెమ్మదించింది. ఎర్మెక్ దాన్ని రోడ్డు పక్కకి తీసి ఆపాడు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, వాటి మీద తల ఆనించి, తండ్రి పోయిన రోజున కూడా ఏడవనంతగా ఏడ్చాడు... కులీపా ఊరుకోమనలేదు. ఏడవనిచ్చింది.

వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి అతని భుజం మీద ఆనింది. బురుల్ నిద్రపోలేదు.

"నెమ్మదిగా ఏడువన్నయ్యా" అంది. "పిల్ల లేస్తుంది."