దేవుడి పిడికెడు

కుక్కరు మూత తీసిన ఒగిమ్, మొహాన కొట్టిన ఆవిరికి తల పక్కకు తిప్పుకుంది. అన్నం వాసన కాదది. వానకు తడిసి మూల పడేసిన అట్టపెట్టె వాసన.

తెల్లవారుజాము ప్రార్థన ముగించుకుని ఇంటికి రావడం, బియ్యం కడిగి కుక్కర్లో పడేయడం, ఇంట్లోవాళ్ళు లేచేసరికి ముల్లంగి పులుసు కాచి పెట్టడం ఆవిడకు కాపురానికొచ్చిన నాటి నుంచీ అలవాటు. డెబ్బై దాటినా పొయ్యి దగ్గర పెత్తనం మాత్రం కోడలికి వదల్లేదు. ఆ గాంగ్యొంగ్ ఊరి బజార్లో ఎటు తిరిగినా ఉప్పు రొయ్యల కంపే కాబట్టి, కిటికీ తెరిచి ఉందేమోనని చూసింది. మూసే ఉంది. గరిటెతో నాలుగు మెతుకులు తీసి నోట్లో వేసుకుంది. పైకి నిగనిగలాడుతోంది గానీ నాలుక మీద పొడిపొడిగా, చప్పగా, చివర్లో ఏదో వెగటు.

తన నోరు కూడా ముసలిదైపోయిందా అనుకుంది. పోయిన ఆదివారం చర్చి వంటింట్లో పున్యే అక్కయ్య ఇదే మాట అంది. "నోరు చచ్చిపోయింది ఒగిమ్. ఏడాదిగా అన్నం గడ్డి నమిలినట్టుంటోంది. ఇక నా పని అయిపోయినట్టే." ఎనభై దాటిన మనిషి, వెనకా ముందూ ఎవరూ లేరు. ఆ వయసులో అంతేలే అక్కయ్యా అని ఓదార్చింది ఒగిమ్.

కోడలు హేరన్ జుట్టు ముడేసుకుంటూ వంటింట్లోకి వచ్చి, గోడవారన మూతి విప్పి ఉన్న బస్తాను చూసి ఆగిపోయింది.

"అత్తయ్యా, ఈ బస్తా ఎందుకు విప్పారు? మన బియ్యం కొట్టుకు వెళ్ళాల్సిన బస్తా అది."

"డబ్బాలో బియ్యం అయిపోయాయి. గుమ్మం దగ్గర ఇది కనిపించింది, విప్పాను. కొట్లోవయితే ఏం, ఈ కోతల కొత్త బియ్యమని ఇంతింత అక్షరాలతో రాసి ఉందిగా."

"మనింటివి వేరే ఉన్నాయిగా, మెట్ల కింద," అనేసి హేరన్ నాలుక కరుచుకుంది.

ఒగిమ్ గరిటె కింద పెట్టింది. ఆ ఊళ్ళో కొత్త బియ్యానికే మర్యాద. ఏడాది తిరిగిన బియ్యాన్ని సారా కాచేవాళ్ళు తీసుకెళ్తారు, అంతకన్నా పాతవి కోళ్ళకు పోస్తారు. బియ్యం కొట్టువాడి భార్యగా నలభై ఏళ్ళు బతికిన మనిషికి ఇంకేం విడమరిచి చెప్పాలి? తన నోటికి ఏ రోగమూ లేదని ఆవిడకు అప్పుడే అర్థమైంది.

"ఎంత పాతవి?"

హేరన్ బస్తా మూతి దగ్గరికి లాగి ముడి వేయబోయింది.

"నిన్నే అడుగుతున్నా."

"అన్నీ పాతవి కాదత్తయ్యా. సగానికి సగం. రెండేళ్ళ బియ్యం చవగ్గా దొరికితే మీ అబ్బాయి మళ్ళీ పాలిష్ పట్టించి కలిపారు. ఏడాదిగా అమ్ముతున్నాం, ఎవరూ ఒక్క మాటనలేదు."

ఒగిమ్ చూపు మేకుకు వేలాడుతున్న గుడ్డసంచి మీదికి పోయింది. రోజూ బియ్యం కడిగే ముందు ఇంట్లో మనిషికో పిడికెడు చొప్పున తీసి అందులో వేస్తుందావిడ. ఇది కొడుకు గీహోది, ఇది హేరన్‌ది అని పేరు పేరునా చెప్పి వేస్తుంది. దేవుడి బియ్యం అవి. శనివారం హేరన్ ఆ సంచిని చర్చికి చేరుస్తుంది. ఆదివారం ముసలీముతకా తినే భోజనం వాటితోనే.

"ఈ సంచిలోవి సరిగ్గానే వెళ్తున్నాయా అమ్మాయ్?"

హేరన్ మెడ వంచుకుని సింకు తుడవడం మొదలుపెట్టింది. "అక్కడ అందరి బియ్యమూ ఒకే కుండలో పోస్తారు కదా అత్తయ్యా. మంచివి పోస్తే ఎవరికి తెలుస్తుంది చెప్పండి. మీరు తీసినవి మన డబ్బాలో తిరగబోసి, కొట్లోవి నింపి తీసుకెళ్ళమన్నారు ఆయన."

ప్రతి పొద్దునా కొడుకు పేరు చెప్పి తీసిన పిడికెడు మళ్ళీ కొడుకు కంచంలోకే వచ్చింది. దేవుడికి మాత్రం కోళ్ళ దాణా వెళ్ళింది. ఒగిమ్ కొళాయి తిప్పి చేతులు కడుక్కుంది. సబ్బు పెట్టి మళ్ళీ కడుక్కుంది.

గీహో తల దువ్వుకుని వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. నామ్ గీహో అంటే బజార్లో మంచి పేరుంది. ఆదివారం మధ్యాహ్నం ఇంకో ఇద్దరితో పాటు అతన్ని సంఘ పెద్దగా నియమిస్తున్నారని చర్చి గోడకు పేర్లతో పెద్ద గుడ్డ కట్టారు. కొత్త నల్లకోటు దర్జీ దగ్గర నుంచి వచ్చి గోడకు వేలాడుతోంది. తల్లి అతని ముందు అన్నం గిన్నె పెట్టి ఎదురుగా కూర్చుంది.

అతను ఒక ముద్ద నోట్లో పెట్టుకుని భార్య వైపు చూశాడు.

"దాని వైపు చూడకు. తిను," అంది తల్లి.

"అమ్మా, ఏమైంది ఇప్పుడు?"

"నువ్వు ఊరికి పెడుతున్నదేగా. నువ్వూ తిను."

గీహో చెంచా పక్కన పెట్టాడు. "విషం కలిపానా ఏంటి? బియ్యంలో బియ్యం కలిపాను. ఈ రోజుల్లో అన్నం రుచి ఎవరికి తెలుసమ్మా? ప్లాస్టిక్ గిన్నెలో వండింది కొనుక్కుని వేడి చేసుకుని తినే జనం. బస్తా మీద బొమ్మ చూస్తారు, ధర చూస్తారు. అంతే."

"విషం కాదని తెలిసినవాడివి మెట్ల కింద వేరే బస్తా ఎందుకు దాచుకున్నావురా?"

గీహో గిన్నెను పక్కకు నెట్టాడు. కానీ లేచిపోలేదు. "ఎవరు చేయడం లేదో చెప్పు. మన చర్చిలోనే పిల్లలకు మంచి బడిలో సీటు కోసం దొంగ అడ్రసు పెట్టినవాళ్ళున్నారు. ముందు వరసలో కూర్చుని పాడతారు. ఎవరూ తప్పనుకోవడం లేదు, లోకం అలా మారింది. నేనొక్కడినే మడి కట్టుకుని కూర్చుంటే వచ్చే వసంతానికి కొట్టు మూసుకోవాలి."

"అందరూ బురదలో పొర్లుతుంటే నీకు కంపు తెలియడం లేదు, అంతేగా నువ్వు చెప్పేది?"

"సరే, మానేస్తాను. ఆదివారం అయిపోనీ, నెమ్మదిగా మానేస్తాను."

"అంటే, అబద్ధం నోట్లో పెట్టుకునే మోకాళ్ళ మీద కూర్చుంటావు. యథార్థంగా నడుచుకుంటానని ప్రభువు ముందు ప్రమాణం చేస్తావు. మర్నాటి నుంచి నెమ్మదిగా యథార్థం మొదలుపెడతావు. ఛీ." ఒగిమ్ గొంతు పెద్దది చేయలేదు. "ఆదివారం లోపే వెళ్ళి పాస్టర్ గారికి చెప్పు. నేను చెప్పను. నా కొడుకు దొంగ అని నేను చెబితే నీ పరువు పోతుంది గానీ నీ బుద్ధి మారదు. నోరు నీది, నువ్వే విప్పాలి."

"బంధువులందరికీ కబురు వెళ్ళింది. ఆ రోజు భోజనానికి బియ్యం కూడా నేనే ఇచ్చాను."

"ఏ బియ్యం?"

గీహో తన పాత కోటు తీసుకుని బయటికి నడిచాడు.

ఆ పూటే ఒగిమ్ దబ్బనం, దారం తీసుకుని మెట్ల కిందికి దూరి, దేవుడి సంచికి సరిపడా పక్కకు తీసి, ఇంటి బియ్యం బస్తా మూతి కుట్టేసింది. ఇక ఆ ఇంట్లో మూడు పూటలా వండింది కొట్టు బియ్యమే. ఆవిడ మెతుకు మిగల్చకుండా, కషాయం తాగినట్టు మొహం పెట్టి తినేది. గీహో రెండు ముద్దలు కెలికి పులుసు తాగి లేచేవాడు. కొట్టు ఊడ్చేటప్పుడు బల్ల కింద నూడుల్స్ కప్పులు దొరికాయి హేరన్‌కు. ఊరికి అమ్మే అన్నం అమ్మినవాడి గొంతు దిగడం లేదు. ఆ కప్పులు చూసి హేరన్‌కు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. వాటిని అత్తగారికి కనపడకుండా సంచిలో చుట్టి పారేసింది.

ఆ రోజుల్లో ఒగిమ్ సంచిలో పిడికెడు వేసేటప్పుడు గీహో పేరు చెప్పడం మానేసింది. పక్క గదిలో పడుకున్న అతనికి ఆ మాటలు రోజూ వినపడేవే. తన పేరు రాకపోవడమూ వినపడింది.

శనివారం దాటినా అతను పాస్టర్ గారి దగ్గరికి వెళ్ళలేదు. ఆదివారం ఉదయం ఆరాధన అయింది. నియామకం మధ్యాహ్నం మూడింటికి. మధ్యలో భోజనం. పెద్దలు కాబోయేవాళ్ళు ఏప్రాన్లు కట్టుకుని ముసలివాళ్ళకు తమ చేత్తో వడ్డించడం ఆ సంఘంలో ఆనవాయితీ. గీహో చేతికి అన్నం గిన్నె వచ్చింది.

"ఎంత నిగనిగలాడుతోందో చూడండి, గీహో గారి బియ్యమంటే అంతే మరి," అంటోంది వంటింట్లో ఒకావిడ. ఒగిమ్ ఆ మాట విని కిమ్చీ పచ్చడి ముక్క నోట్లో వేసుకుంది. వాసన తెలియక అంటున్నారా, తెలిసీ పొగుడుతున్నారా? రెంటిలో ఏదైనా ఆవిడకు ఒళ్ళు మండింది. పున్యే అక్కయ్య పక్కన కూర్చున్న ఒగిమ్, వంచిన తల ఎత్తకుండా తన వంతు అన్నం తింటోంది.

గీహో ఆ వరసకు వచ్చాడు. పున్యే చేయి అడ్డం పెట్టింది.

"రెండు మెతుకులు చాలు నాయనా. నీ బియ్యం తప్పు కాదు సుమా, నా నోరే చచ్చింది. డాక్టరు రుచికి మాత్రలిచ్చాడు, అవీ పనిచేయడం లేదు. నోటికి అన్నం సయించకపోతే ఎక్కువ రోజులుండరని మా అమ్మ అనేది. పోతే పోయానులే. నిన్ను సంఘ పెద్దగా చూసి పోతున్నాను, అది చాలు."

గీహో గరిటె గిన్నెలోనే ఉండిపోయింది. తల్లి వైపు చూశాడు. ఆవిడ తలెత్తలేదు. దవడ మాత్రం ఆడుతోంది.

"పెద్దమ్మా, నీ నోరు బాగానే ఉంది," అన్నాడు.

"పోరా, ముసలిదాన్ని మాయ చేయకు."

"నిజంగా బాగానే ఉంది. బియ్యమే బాగాలేవు. రెండేళ్ళ బియ్యం కలిపి కొత్తవని అమ్ముతున్నాను. నువ్వు మా కొట్లో కొనేవీ అవే, ఇక్కడికి ఏడాదిగా పంపిస్తున్నవీ అవే. నీ మాత్రలూ, బాధా అన్నీ నా వల్లే."

మెల్లగానే అన్నాడు. కానీ ఆ బల్ల దగ్గర చెంచాలు ఆగిపోయాయి, తర్వాత పక్క బల్ల దగ్గర. పాస్టర్ గారు లేచి వచ్చి, ఏమైందని అడిగారు. గీహో గిన్నె కింద పెట్టి, అందరికీ వినపడేలా అదే మాట మళ్ళీ చెప్పాడు. ఎవరో కంచం ముందుకు తోసేశారు. ముందు వరసలో పాడే ఒకాయన, ఇది ఇక్కడ చెప్పాలా, ఈ రోజే చెప్పాలా అని గొణిగాడు. దేవుడింట్లో ఇంత పాపమా అని ఇంకొకావిడ ముక్కు మూసుకుంది. కొడుకును బడిలో చేర్చడానికి అక్కగారి అడ్రసు వాడుకున్నది ఆవిడే. ఒగిమ్‌కు ఆ మొహం చూడబుద్ధి కాలేదు.

ఈ గోలలో పున్యే మాత్రం గీహో చేయి పట్టుకుని వదల్లేదు. పళ్ళు లేని నోరు తెరిచి అతన్నే చూస్తోంది.

"అయితే నేను చచ్చిపోవడం లేదా?"

"లేదు పెద్దమ్మా."

"నా నోరు చావలేదా? ఒగిమ్, విన్నావా, నా నోరు బాగానే ఉందట." ఆవిడ నవ్వుతోంది, కళ్ళల్లోంచి నీళ్ళు గడ్డం మీదికి కారుతున్నాయి. "రోజూ రాత్రి లెక్కలు వేసుకుంటున్నానే. నా దుప్పట్లు ఎవరికివ్వాలి, నా కుక్కకు ఎవరు పెడతారని."

ఇన్ని రోజులూ రాయిలా ఉన్న ఒగిమ్‌కు అప్పుడొచ్చింది ఏడుపు. కోపం ఏడుపు, సిగ్గు ఏడుపు, కొడుకు నోరు విప్పాడన్న ఏడుపు, ఏది ఏదో తెలియలేదు. పున్యే భుజం మీద తల పెట్టి ఏడ్చింది. గీహో ఆ ఏప్రానుతోనే నేల మీద కూలబడి, ఆ ముసలావిడ మోకాళ్ళకు నుదురు ఆనించాడు. ఆవిడ అతని వీపు మీద ఒక్కటి చరిచింది. "వెధవా," అంది. తర్వాత అక్కడే నిమిరింది.

మూడింటికి మిగతా ఇద్దరికీ నియామకం జరిగింది. గీహో ఆఖరి వరసలో, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బంధువులు ఎవరూ అటు రాలేదు. హేరన్ వచ్చి ఒక పక్క కూర్చుంది. కాసేపటికి ఒగిమ్ వచ్చి రెండో పక్క కూర్చుని, చేతిరుమాలు తీసి ఇచ్చింది.

"ముక్కు తుడుచుకో. నల్లకోటు పాడవుతుంది," అంది.

సోమవారం పొద్దున మెట్ల కింద బస్తా కుట్లు ఒగిమే విప్పింది. కొట్టు ముందు గీహో రాత్రే కొత్త అట్ట పెట్టి వచ్చాడు, పాతవీ కొత్తవీ కలిపిన బియ్యం అని, పాత ధర కొట్టేసి, తక్కువ ధర రాసి. ఎంతమంది వస్తారో, ఎంతమంది బస్తాలు తిప్పి పంపి తిడతారో తెలియదు. వసంతం దాకా కొట్టు ఉంటుందో లేదో కూడా తెలియదు. హేరన్ కొత్త అన్నం డబ్బాలో సర్ది, పైన వేయించిన సముద్రపు నాచు పెట్టి, పున్యే ఇంటికి తీసుకెళ్ళడానికి మూట కట్టింది.

ఒగిమ్ గుడ్డసంచి మూతి తెరిచి పట్టుకుంది. తనది వేసింది. హేరన్‌ది వేసింది. గీహో వచ్చి పక్కన నిలబడ్డాడు.

"నాది నేనే వేస్తానమ్మా."

బస్తాలో చేయి పెట్టి పిడికెడు తీసి సంచి మీదికి తెచ్చాడు. తల్లి అతని మణికట్టు పట్టుకుని ఆపింది. పిడికిలి విప్పించింది. వంగి, అరచేతిలోని బియ్యం వాసన చూసింది, తీరిగ్గా, కొట్లో సరుకు దింపే రోజు వాళ్ళ నాన్న చూసినట్టే. గీహో చేయి కదపకుండా పట్టుకున్నాడు.

"గీహోది," అంది ఒగిమ్. "వెయ్యి."