వెనక లిఫ్ట్‌లో మూడు దెబ్బలు

పొద్దుగూకాక వెనక లిఫ్ట్ ఎక్కకూడదని ఆ బిల్డింగులో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు.

ఫిల్మ్ నగర్ కొండమీద, స్టూడియో వైపు రోడ్డు దిగే మలుపులో ఉంటుంది ఆ తొమ్మిదంతస్తుల అపార్ట్‌మెంట్. ముందు రెండు లిఫ్టులు — నిలువెత్తు అద్దాలు, సన్నగా సంగీతం, తలమీద చల్లగాలి. వెనక, జనరేటర్ గది పక్కన, ఇంకొకటి — రేకు గోడలు, ఒక్క బల్బు. పనివాళ్ళు, డ్రైవర్లు, గ్యాస్ బండలు, చెత్త సంచులు... అన్నిటికీ అదే.

చెడ్డపేరు దానికే.

మూడేళ్ళ కిందట, మెట్లు తుడిచే భూలక్ష్మి ఓ సాయంత్రం అందులో ఎక్కిందట. ఐదో అంతస్తుకీ ఆరో అంతస్తుకీ మధ్య ఆగిపోయిందట. ఆ రోజు పైన టెర్రస్ మీద ఏదో సినిమా హిట్టయిందని విందు. డీజే మోతకి కిటికీ అద్దాలు అదిరాయి. లోపల్నించి ఆమె కొడుతూనే ఉందని, ఆ మోతలో ఎవరికీ వినపడలేదని కొందరంటారు. వినపడింది గానీ... పిల్లలెవరో ఆడుకుంటున్నారనుకున్నారని కొందరంటారు. తెల్లారి తలుపు తెరిచేసరికి మనిషిలో ప్రాణం లేదు.

అప్పట్నించీ చీకటి పడితే చప్పుడు. మూడు దెబ్బలు... కాస్త ఆగి, మళ్ళీ మూడు.

"నా చెవులతోని విన్న," అనేవాడు వాచ్‌మన్ కొమురయ్య, ఎవరడిగినా. "లిఫ్ట్ కిందనే ఉంటది. కొట్టుడు మాత్రం పైన ఇనిపిస్తది. జర దూరముండుండ్రి."

తొమ్మిదేళ్ళ తబితకి ఈ కథ చెప్పింది నిహారిక — ఏడో అంతస్తులో, దుప్పటి ముసుగులో, టార్చిలైటు గడ్డం కింద పెట్టుకుని.

నిహారిక వాళ్ళ నాన్న సినిమాలు తీస్తాడు. తబిత వాళ్ళమ్మ ప్రేమకుమారి ఆ ఇంట్లో వంట చేస్తుంది. యూసుఫ్‌గూడ గదిలో పిల్లనొక్కదాన్నే వదల్లేక, బడి అయిపోగానే వెంట తెచ్చుకునేది. ఒక్కగానొక్క కూతురికి తోడు దొరికిందని నిహారిక తల్లి సాయిసుధ కూడా సంబరపడింది. ఇద్దరూ ఒకే మంచమ్మీద బొమ్మలేసుకునేవాళ్ళు, ఒకే పళ్ళెంలో బజ్జీలు తినేవాళ్ళు.

దెయ్యం కథ విని తబిత భయపడలేదు. తనకి సంబంధం లేని లిఫ్ట్ అది. తను ఎక్కేది ముందు లిఫ్టే. సాయంత్రం నిహారిక స్కూలు వ్యాను వచ్చేవేళకి గేటు దగ్గర నిలబడేది. ఇద్దరూ చేతులు పట్టుకుని, అద్దంలో ముఖాలు వెక్కిరించుకుంటూ పైకెళ్ళేవాళ్ళు. అమ్మ కూరగాయల సంచులతో వెనక నుంచి. రోజూ పందెం — ఎవరు ముందు పైకొస్తారా అని. తబితే గెలిచేది. వంటింటి వెనక తలుపు చాటున నక్కి, అమ్మ లిఫ్ట్ దిగగానే "భౌ!" అనేది.

అమ్మకి ఆ లిఫ్టే ఇష్టం కాబోలు అనుకునేది. సరిగ్గా వంటింటి గుమ్మంలోనే దిగుతుంది మరి.

నిహారిక పదో పుట్టినరోజు వచ్చింది. వానాకాలం. మధ్యాహ్నం నుంచీ ఒకటే ముసురు.

ఏడు గంటలకల్లా హాలు నిండా పిల్లలు — ముప్పై మంది. కుర్చీలాట పెట్టారు. తబిత క్రిస్మస్‌కి కుట్టించిన పసుపు గౌను వేసుకుని అందరితోపాటు పరిగెత్తింది. పాట ఆగిన ప్రతిసారీ ఎలాగో ఓ కుర్చీ దొరకబుచ్చుకుంది. ఇక ఏడుగురే మిగిలారు.

అప్పుడు సాయిసుధ వంగి చెవిలో అంది: "తబితా, బంగారం... గేటు దగ్గర ఐస్‌క్రీమ్ వచ్చిందట. కొమురయ్య కార్ల దగ్గర ఉన్నాడు. గబగబా వెళ్ళి తెచ్చిపెట్టవూ?"

తబిత ఆటలోంచి పక్కకి తప్పుకుంది. తప్పుకుందో లేదో పాట ఆగింది. తనకి దొరకాల్సిన కుర్చీలో ఎవరో అబ్బాయి కూలబడ్డాడు.

కిందికి ముందు లిఫ్ట్‌లోనే దిగింది. పెద్ద డబ్బా, మంచుగడ్డలా ఉంది. పొట్టకి ఆనించుకుని, రెండు చేతులా పట్టుకుని మళ్ళీ లిఫ్ట్ దగ్గరికొచ్చింది. లోపల నాలుగో అంతస్తు శకుంతలమ్మ గారు ఉన్నారు, చంకలో జానెడు కుక్కపిల్లతో. రోజూ అదే లిఫ్ట్‌లో "ఏమ్మా, నిహా ఫ్రెండూ!" అని బుగ్గ గిల్లే ఆవిడే.

ఇవాళ ఆవిడ డబ్బా వైపు చూసింది. కారుతున్న నీటి బొట్ల వైపు చూసింది.

"సామాన్లు వెనక లిఫ్ట్‌లోనమ్మా. ఇక్కడ తడవదూ? ...నువ్వు ప్రేమ కూతురివి కదూ?"

తిట్టలేదు. మెత్తగానే అంది. తలుపు మూసుకుంది. మూసుకుంటుంటే ఆ సందులోంచి అద్దం కనపడింది. అందులో పసుపు గౌను సన్నగా చీలిక అయి... మాయమైంది.

నిహారిక పక్కన లేకపోతే తను ఆవిడకి వేరే పిల్ల. అంతేనన్న మాట. తబితకి ఏడుపు రాలేదు. ఎండలో నడిచొచ్చినట్టు చెవులు మాత్రం వేడెక్కాయి.

వెనక్కి వెళ్ళింది. జనరేటర్ గది దగ్గర ఎవరూ లేరు. బల్బు వెలుగుతోంది. తలుపు తెరిచే ఉంది — ఎక్కమన్నట్టు.

ఎక్కింది. ఏడు నొక్కింది.

రెండు... మూడు... నాలుగు... ఐదు...

ఎక్కడో పిడుగు పడింది. బల్బు ఆరిపోయింది. లిఫ్ట్ ఒక్క కుదుపు కుదిపి, ఆగింది.

కళ్ళు తెరిచినా మూసినా ఒకటే చీకటి. కింద జనరేటర్ గుర్రుమంది. పైన ఇళ్ళల్లో దీపాలొచ్చినట్టున్నాయి, పాట మళ్ళీ మొదలైంది. హమ్మయ్య అనుకుంది తబిత. ఇక కదులుతుంది... ఇక కదులుతుంది...

కదల్లేదు. వెనక లిఫ్ట్‌కి జనరేటర్ వైరు వెయ్యలేదు. ఆ సంగతి ముందు లిఫ్ట్ ఎక్కే పిల్లకి ఎలా తెలుస్తుంది?

తడుముకుంటూ బొత్తాలన్నీ నొక్కింది. గంట మోగలేదు. డబ్బా కింద పెట్టి, అరచేత్తో తలుపు మీద కొట్టింది.

ధన్... ధన్... ధన్.

చెవి ఆనించి వింది. మళ్ళీ కొట్టింది. మూడు.

మెట్ల మీద అడుగులు! ఒకటి కాదు, చాలా. గుసగుసలు... కిసుక్కున ఎవరిదో నవ్వు.

"చెప్పానా? చీకటి పడితే కొడుతుందని చెప్పానా లేదా?"

నిహారిక గొంతు. తబితకి ప్రాణం లేచొచ్చింది. గట్టిగా కొట్టింది, మూడు.

అటునుంచి ఎవరో మూడు కొట్టారు. గొల్లున నవ్వులు.

"దెయ్యంగారూ, నిహాకి హ్యాపీ బర్త్‌డే చెప్పండి!"

"నిహా!" అరిచింది తబిత. "నిహా, నేనే! తబితని! ఆగిపోయిందే ఇది!"

అటుపక్క నవ్వులు ఆగాయి...

ఆ తర్వాత కెవ్వుమన్నారు.

"నీ పేరు తెలుసే దానికి!"

"గొంతు మార్చి పిలుస్తోంది... పలక్కు, పలికితే పట్టుకుంటుంది!"

"తబిత కిందికెళ్ళింది," అంటోంది నిహారిక. "అది... అది తబిత కాదు. రండి, పోదాం రండి!"

అడుగులు దడదడా పైకి పోయాయి. ఎక్కడో తలుపు ధడాలున పడింది.

తబిత అరిచింది. కొట్టింది. అరిచేతులు మండిపోయాయి. గొంతు బొంగురుపోయి, చివరికి గాలి మాత్రమే వచ్చింది.

"అరవకు బిడ్డా."

మూలనుంచి. మెల్లిగా.

తబిత బిగుసుకుపోయింది. వీపు తలుపుకి అతుక్కుంది.

"గొంతు పోతది. నాది గట్లనే పోయింది."

"...ఎవరు?"

"నువ్వు ఎక్కినప్పుడే ఉన్న. నువ్వు సూడలే."

పరిగెత్తడానికి అడుగు చోటు లేదు. ఎటు వెళ్ళినా రేకు.

"మా అమ్మ... వస్తుంది," అంది. "వంటింట్లోనే ఉంది. ఇక్కడికి దగ్గరే. వినపడుతుంది."

నీళ్ళు ఎక్కడో టపటపా కారుతున్నాయి.

"వినపడ్డా రారు బిడ్డా. వినపడ్డదంటే భయపడుతరు. ...కూసో. కాళ్ళు గుంజుతయ్."

చిత్రం... ఆ గొంతులో కోపం లేదు. రోజంతా నిలబడి పనిచేసిన మనిషి అలసట ఉంది, అంతే. రాత్రి బస్సులో అమ్మ మాట్లాడినట్టు. తబిత జారి కూర్చుంది. కాలికి డబ్బా తగిలింది.

"ఐస్‌క్రీమ్ కరిగిపోతోంది," అంది ఏడుపు గొంతుతో. "ఆంటీ ఏమనుకుంటుందో."

"కరుగుతది మరి. తిను. ఆకలైతలేదా?"

అవుతోంది. పొద్దున్నించీ అమ్మకి తీరిక లేదు. కేక్ కోశాక తిందువుగానిలే అంది. తబిత మూత తీసి, వేళ్ళతో ఒక ముద్ద తిన్నది. ఇంకో ముద్ద తిన్నది. తర్వాత ఏం తోచిందో... డబ్బాని చీకట్లోకి కొంచెం తోసింది.

రేకు మీద డబ్బా జరిగిన చప్పుడు. తను తోసిన దానికంటే... చాలా దూరం జరిగింది.

ఎంతసేపయిందో తెలియదు. బల్బు వెలిగింది. లిఫ్ట్ మూలిగి పైకి కదిలింది. తబిత కళ్ళు చిట్లించి చూసింది — మూల ఖాళీ.

ఏడో అంతస్తులో తలుపు తెరుచుకునేసరికి వంటింటి గుమ్మంలో అమ్మ, అమ్మ వెనక సాయిసుధ.

"ఎక్కడికెళ్ళావే ఇంతసేపూ?" అంది సాయిసుధ. "నలభై నిమిషాలు! ఐస్‌క్రీమ్ ఏది?"

"లిఫ్ట్ ఆగిపోయింది ఆంటీ..."

సాయిసుధ డబ్బా అందుకుంది. తేలిగ్గా లేచింది. మూత తీసి చూసింది. ముప్పై మందికి తెచ్చిన డబ్బా... అడుగు దాకా ఖాళీ. నాకినట్టు శుభ్రంగా ఉంది.

"నేను రెండు ముద్దలే తిన్నా ఆంటీ. మిగతాది..."

చెప్పబోయి ఆగింది. మిగతాది ఎవరు తిన్నారంటుంది?

సాయిసుధకి కోపం రాలేదు. కోపమొచ్చినా బాగుండేది. "పోనీలే ప్రేమా, ఏమనకు," అంది నిట్టూర్చి. "చిన్నపిల్ల. ఇంట్లో ఎప్పుడూ చూసుండదు."

"సారీ చెప్పు మేడం గారికి," అంది అమ్మ, తబిత ముఖం వైపు చూడకుండా.

"సారీ ఆంటీ."

సాయిసుధ వెళ్ళిపోయింది. ఆమె పక్కనుంచి దూసుకుంటూ నిహారిక వచ్చింది, కళ్ళు మెరుస్తూ, నెత్తిమీద కాగితం కిరీటంతో.

"నువ్వు మిస్సయ్యావే తబితా! దెయ్యం నన్ను పేరు పెట్టి పిలిచింది! అచ్చం నీ గొంతు! ఒట్టు!"

తబిత నోరు తెరిచింది. అది నేనేనే అనబోయింది. నిహారిక ముఖంలో అంత సంతోషం. ఇప్పుడు చెబితే ముందు నమ్మదు, తర్వాత నవ్వుతుంది, ఆ తర్వాత ముప్పై మందికీ చెబుతుంది. నలభై నిమిషాలయినా తను తిరిగి రాలేదేమని ఈ పిల్లకి ఒక్కసారీ తోచలేదు. ఐస్‌క్రీమ్ ఇంకా రాలేదనుకున్నాకే ఇంటికంతటికీ తను గుర్తొచ్చినట్టుంది.

"అవునా?" అంది తబిత.

నిన్నటిదాకా ఒకే దుప్పటి కింద విన్న కథ అది. ఇప్పుడా పిల్ల దుప్పటికి అటువైపు ఎక్కడో, చాలా దూరంగా కనపడింది.

పార్టీ ముగిసింది. ప్రేమకుమారి తొట్టి నిండా గిన్నెలు తోముతోంది. పక్కన తబిత తుడిచి పెడుతోంది.

"నిజంగానే ఆగిందా?" అమ్మ గుసగుసగా అడిగింది.

"ఊఁ. కొట్టానమ్మా. చాలాసార్లు కొట్టాను."

నీళ్ళలో అమ్మ చేతులు ఆగిపోయాయి.

"మూడు... మూడు దెబ్బలా?"

తబిత తలూపింది.

అమ్మ కుళాయి కట్టేసింది.

"వినపడింది," అంది. "నాకు వినపడిందే తల్లీ. ఆమే అనుకున్నాను. ప్రార్థన చేసుకుని... తలుపు గడియ పెట్టేశాను."

తబిత తడి గుడ్డతో అదే గిన్నెని మళ్ళీ మళ్ళీ తుడిచింది.

"ప్రేమా, వెళ్ళేటప్పుడు చెత్త సంచులు కింద పడెయ్!" హాల్లోంచి సాయిసుధ కేకేసింది.

ఐదు సంచులు. మెట్లమ్మట మొయ్యలేరు. ప్రేమకుమారి వెనక తలుపు తీసి, బొత్తాం నొక్కి, కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. లిఫ్ట్ వచ్చింది. తలుపు తెరుచుకుంది. రేకు గోడలు, ఒక్క బల్బు, ఖాళీ.

అమ్మ పెదాలు ప్రార్థనకి కదులుతున్నాయి. కాలు మాత్రం కదల్లేదు.

తబితే ముందు ఎక్కింది. అమ్మ కళ్ళు సగం మూసుకుని వెనకే వచ్చి, చేతిలోని సంచిని మూలకి పెట్టబోయింది.

తబిత ఆ సంచిని పట్టుకుని ఆపింది.

"అక్కడ వద్దమ్మా," అంది మెల్లిగా. "ఆమె కూర్చుంది."